డిగ్రీ ఆధారిత సూచికలు: గరిష్ఠ, కనిష్ఠ సమస్యలు

కొన్ని బిందువులు, వాటిని రెండేసి చొప్పున కలిపే గీతలు చేరిన నిర్మాణాన్ని గణితంలో గ్రాఫ్ అని, ఒక బిందువు దగ్గర కలిసే గీతల సంఖ్యను ఆ బిందువు డిగ్రీ అని అంటారు. డిగ్రీల నుంచి నిర్ణీత సూత్రంతో రాబట్టిన సంఖ్య డిగ్రీ ఆధారిత టోపోలాజికల్ సూచిక. బిందువుల సంఖ్య ఇచ్చినప్పుడు ఆ సూచిక ఏ ఆకృతికి అత్యధికమో, దేనికి అత్యల్పమో తేల్చడమే గరిష్ఠ, కనిష్ఠ సమస్య.

ఈ సూచికలు రసాయన శాస్త్రంలో పుట్టాయి. వంటగ్యాసులో ఉండే బ్యూటేన్, ఐసోబ్యూటేన్ రెండింటిలోనూ కార్బన్ పరమాణువులు నాలుగే అయినా, మొదటిది సుమారు −0.5 సెల్సియస్ వద్ద, రెండోది సుమారు −12 వద్ద మరుగుతాయి. తేడా అంతా పరమాణువుల అమరికలోనే ఉంది. బ్యూటేన్ కార్బన్లు ఒకే వరసలో ఉండటం వల్ల డిగ్రీలు 1, 2, 2, 1 అవుతాయి. ఐసోబ్యూటేన్‌లో ఒక కార్బన్ చుట్టూ మూడు చేరి నక్షత్రంలా ఉంటాయి కనుక అవి 3, 1, 1, 1. జాగ్రెబ్ నగరంలో ఇవాన్ గుట్మన్, నెనాద్ త్రినాయ్‌స్తిచ్ 1972లో వాడిన డిగ్రీ వర్గాల మొత్తం వీటికి వరసగా 10, 12. ప్రతి గీతకూ దాని రెండు కొసల డిగ్రీల లబ్ధానికి వర్గమూలం కట్టి, దాని విలోమాలను కూడే సూచికను మిలాన్ రాందిచ్ 1975లో ప్రతిపాదించారు. అందులో విలువలు 1.914, 1.732, అంటే క్రమం తలకిందులైంది. వలయాలు లేని, విడిపోని గ్రాఫ్‌లలో, అంటే వృక్షాల్లో, నాలుగుకు మించి ఎన్ని బిందువులున్నా ఒకే వరసకూ నక్షత్రానికీ మధ్య ఇదే జరుగుతుంది. విడిపోని గ్రాఫ్‌లన్నిటిలోనూ రాందిచ్ సూచికకు కనిష్ఠ విలువ నక్షత్రానిదేనని బొల్లోబాష్, ఎర్డోష్ 1998లో నిరూపించడంతో రసాయన శాస్త్రవేత్తల సమస్య గణితవేత్తల సొంతమైంది.

మొదటి సూచికకు డిగ్రీల వరస ఒక్కటే చాలు; రెండోదానికి ఏ బిందువు దేని పక్కన ఉందో కూడా తెలియాలి. ఒకే వరసతో వేర్వేరు గ్రాఫ్‌లు గీయవచ్చు కాబట్టి, ఈ రంగానికి అసలు పునాది డిగ్రీ వరసల అధ్యయనమే. అందులో హైదరాబాదుకూ చెప్పుకోదగ్గ సంబంధం ఉంది. అక్కడి సి.ఆర్.రావు ఉన్నత గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్ర సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన ఎస్.బి.రావు 1980ల తొలినాళ్లలోనే ఒక లోతైన ఊహను ముందుకు తెచ్చారు. గ్రాఫ్‌ల అనంత సమూహం ఏదైనా సరే, అందులో రెండు తప్పక దొరుకుతాయని, వాటిలో ఒకదాని బిందువుల డిగ్రీలు మారకుండా గీతలను మార్చి గీస్తే, రెండోది దానిలో యథాతథంగా ఇమిడిపోతుందని ఆయన ఊహించారు. మరియా చుద్నోవ్‌స్కీ, పాల్ సేమూర్ దానిని నిరూపించిన వ్యాసం 2014లో వెలువడింది. దాని శీర్షికలో రావు పేరే ఉంది.