మరిగే నీళ్ల నుంచి మూసిన మూత దాకా: కారు రేడియేటర్ చరిత్ర

ఇంజనులో పెట్రోలు మండితే పుట్టే శక్తిలో చక్రాలను తిప్పడానికి అక్కరకొచ్చేది సుమారు మూడో వంతే. ఇంచుమించు అంతే భాగం పొగతో బయటికి పోతుంది. మిగిలిన వేడి ఇంజను లోహంలోకి దిగుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తోడి గాలిలో పారబోయకపోతే పిస్టన్లు పట్టేసి ఇంజను ఆగిపోతుంది. ఈ తోడిపోత కొద్దిపాటి నీళ్లతో ఎలా సాధ్యమైందన్నదే రేడియేటర్ చరిత్ర.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ కోరిన మూడు చక్రాల బండికి రేడియేటర్ లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు మరిగి, ఆవిరై, వేడిని వెంట తీసుకుపోయేవి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ఈ బండి మీదే వెళ్లింది. నూరు కిలోమీటర్లు దాటిన ఆ ప్రయాణంలో మాటిమాటికీ ఆగి నీళ్లు పోసుకోవలసి వచ్చింది. ఇంజను బలం పెరిగేకొద్దీ ఎన్ని నీళ్లని మోస్తారు?

జవాబు విల్‌హెల్మ్ మేబాక్ ఇచ్చాడు. 1900లో తయారైన 35 అశ్వశక్తి మెర్సిడెస్ ముందుభాగాన ఆయన ఒక తేనెపట్టును నిలబెట్టాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070! గొట్టాల్లోంచి గాలి, గొట్టాల మధ్య సందుల్లోంచి నీళ్లు. నీళ్లు పలచని పొరలుగా విడిపోయి గాలికి దగ్గరయ్యాయి. అంత ఇంజనుకీ తొమ్మిది లీటర్లు సరిపోయాయి. తర్వాత వచ్చిన సన్నగొట్టాలు, వాటి మధ్య పలచని రేకు రెక్కలు ఆ ఆలోచనకు కొనసాగింపే. నా దృష్టిలో ఇంజనంత గొప్ప కల్పన ఇది. పేరు మాత్రం ఇంజనుకే దక్కింది.

ఫోర్డ్ మోడల్ టీ బళ్లలో చాలావాటికి నీటి పంపు కూడా లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతే, చల్లారినవి కిందికి దిగేవి. పంపు, థర్మోస్టాట్ తర్వాత స్థిరపడ్డాయి. ఒత్తిడి మూత సంగతి మీ వంటింటి కుక్కర్‌ని చూస్తే తెలుస్తుంది. మూత బిగించి ఒత్తిడి పెంచితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక, 120 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతాయి. వేడి ఇంజను మీద ఆ మూత తిప్పారో, అంతవరకూ అణిగి ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి.

మన దేశంలో 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్‌లో పంకాను ఇంజనే బెల్టుతో తిప్పేది. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజనుతో పాటు పంకా కూడా నెమ్మదించేది. అందుకే డిక్కీలో నీళ్ల డబ్బా. 1983 చివర్లో వచ్చిన మారుతి 800లో కరెంటు పంకా ఇంజను వేగంతో పని లేకుండా, వేడిని బట్టి తిరిగింది.

ఆనాటి రాగి, ఇత్తడి రేడియేటర్ కారితే దుకాణంలో విప్పి, గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేసి, మాటు వేసేవారు. ఇప్పటివి చాలావరకు అల్యూమినియం గొట్టాలకు ప్లాస్టిక్ తొట్టెలు నొక్కి బిగించినవి. తేలిక, కానీ తొట్టె పగిలితే అతుకు ఎక్కువకాలం నిలవదు. మార్చడమే మేలు. రెక్కలు పొడిపొడిగా రాలుతున్నా, గొట్టాలు లోపల పూడి, కడిగించినా వేడి తగ్గకపోయినా అంతే.

పూడిక ఎక్కడిదంటారా? చాలామటుకు మనం పోసిన బోరు నీళ్లదే. ఆ ఉప్పులు సున్నపు పొరగా పేరుకుంటే వేడి లోహం దాటి గాలికి చేరదు. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను శుద్ధమైన నీటితో కలిపి పోసి, చెప్పిన గడువుకు మార్పించండి.

అయితే వేడెక్కిన ప్రతి బండికీ కొత్త రేడియేటర్ అక్కర్లేదు. పంకా తిరుగుతోందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, మూత రబ్బరు ఎండిపోయిందా అన్నవి ముందు చూపించండి. ఇవి తక్కువ ఖర్చుతో పోయేవి. ఇంజను ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడితే మాత్రం అనుమానించవలసింది హెడ్ గాస్కెట్‌ను. అప్పుడు రేడియేటర్ మార్చినా నీళ్లు తగ్గుతూనే ఉంటాయి.