మసెల్‌బరో మైదానం: తొమ్మిది గుంతలు, ఒక జ్వరం



నడకను గురించి లోగడ పలుమార్లు వ్రాశాను. ఈసారి నడకతోనే సాగే ఒక ఆటను గురించి, ఆ ఆటకు పుట్టినిళ్లలో ఒకటనదగిన ఒక చిన్న మైదానాన్ని గురించి వ్రాయదలచాను. గోల్ఫ్ అనగానే మనకు పెద్ద క్లబ్బులు, కాపలాదారులు, సభ్యత్వ రుసుములు గుర్తుకు వస్తాయి. ఉద్యోగకాలమంతా నా అభిప్రాయమూ అదే. స్కాట్లాండ్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ అభిప్రాయం మారింది.

ఎడిన్‌బరో నగరానికి తూర్పున సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున మసెల్‌బరో అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి పాత గోల్ఫ్ మైదానం గుర్రపు పందేల బాట మధ్యలో ఇమిడిపోయి ఉంటుంది. గుంతలు తొమ్మిదే, పొడవు 2,874 గజాలు, అంటే రెండున్నర కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. సభ్యత్వం అక్కరలేదు. రుసుము చెల్లించి ఎవరైనా ఆడవచ్చు. కోరితే పూర్వపు పద్ధతిలో చేసిన చెక్క కర్రలు అద్దెకిస్తారు. నేను అవే తీసుకున్నాను. మూడవ గుంత దాటేసరికి ఎన్ని దెబ్బలు కొట్టానో లెక్కపెట్టడం మానేశాను. నాలుగవ గుంత పేరు ‘మిసెస్ ఫోర్‌మన్స్’. పక్కనే ఆ పేరుతో ఉండిన పానశాల వల్ల వచ్చిన పేరు. ఆట మధ్యలో ఆటగాళ్లు అక్కడ గొంతు తడుపుకొనేవారట. వైద్యునిగా నేనేమంటానో మీకు తెలుసు కనుక ముందుకు పోదాం.

స్కాట్లాండ్ రాణి మేరీ 1567లో ఇక్కడ ఆడిందని స్థానికులు చెబుతారు. అది ఐతిహ్యం. వ్రాతపూర్వకమైన ఆధారం 1672 మార్చి 2వ తేదీది. జాన్ ఫౌలిస్ అనే పెద్దమనిషి తన ఖర్చుల పుస్తకంలో, ఆనాడు మసెల్‌బరోలో గోల్ఫ్ ఆడి పోగొట్టుకున్న సొమ్మును వ్రాసుకున్నాడు. చరిత్రకు ఇటువంటి ఇంటి లెక్కలు చేసిన మేలు రాజశాసనాలు కూడా చేయలేదేమో! గుంత వెడల్పు కూడా ఈ ఊరి చలవేనంటారు. 1829 నాటి గుంత తవ్వే పనిముట్టు ఒకటి ఇక్కడి క్లబ్బు వద్ద భద్రంగా ఉంది. దాని వెడల్పు 4¼ అంగుళాలు. 1891లో ఆట నియమాలు అదే కొలతను స్థిరపరచాయి. నేడు హైదరాబాదులో ఆడినా, విశాఖపట్నంలో ఆడినా గుంత అంతే.

నన్ను మరింత ఆకర్షించినది ఈ ఊరి చేపలమ్మే స్త్రీల కథ. 18వ శతాబ్ది చివరలో ఇక్కడి మతాధికారి అలెగ్జాండర్ కార్లైల్ తన పారిష్ వివరాలు వ్రాస్తూ, ఈ స్త్రీలు మగవారితో సమానంగా శ్రమిస్తారనీ, సెలవు దినాలలో గోల్ఫ్ ఆడతారనీ పేర్కొన్నాడు. వారిలో ముగ్గురు ఒక్కొక్కరు 200 పౌన్ల చేపలను వీపున మోసుకొని 27 మైళ్లు ఐదు గంటలలో నడిచారని కూడా వ్రాశాడు. 90 కిలోల బరువుతో 43 కిలోమీటర్లు! శరీరధర్మ శాస్త్రం చదివినవాడిగా నాకు నమ్మకం కుదరడం లేదు. సగం నిజమైనా ఆ గుండెలకు, మోకాళ్లకు నమస్కరించవలసిందే. 1810 డిసెంబరులో ఇక్కడి క్లబ్బు ఒక తీర్మానం చేసింది: రాబోయే జనవరి పోటీలో బాగా ఆడిన చేపలమ్మికి కొత్త బుట్ట, శాలువ బహుమానం. స్త్రీల గోల్ఫ్ పోటీని గురించి దొరికిన తొలి ప్రస్తావనలలో ఇది ఒకటి.

మా వృత్తివారి పేరు కూడా ఈ ఆట చరిత్రలో ఉంది. ఎడిన్‌బరో పక్కనున్న లీత్ మైదానంలో 1744లో జరిగిన పోటీలో గెలిచినవాడు జాన్ రాట్రే అనే శస్త్రవైద్యుడు. ఆట తొలి లిఖిత నియమాలు పదమూడింటి కింద ఉన్న సంతకం ఆయనదే. మరుసటి సంవత్సరం తిరుగుబాటు చేసిన యువరాజు చార్లెస్ సేనలో వైద్యునిగా చేరి, కలోడెన్ యుద్ధంలో ఓటమి తరువాత పట్టుబడ్డాడు. ఆయనను కాపాడినది తోటి ఆటగాడైన న్యాయాధీశుడు డంకన్ ఫోర్బ్స్. ఆ ఇద్దరి సంఘమే 1836లో లీత్‌ను విడిచి మసెల్‌బరోకు వచ్చి చేరింది.

అప్పటి నుండి ఈ తొమ్మిది గుంతలకు మహర్దశ. 1874 నుండి 1889 వరకు ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఇక్కడ ఆరుసార్లు జరిగింది. తొమ్మిది గుంతలను నాలుగుసార్లు చుట్టివస్తే 36, అదే పోటీ. ఆ ప్రతిష్ఠే చివరకు ఈ మైదానానికి భారమైంది. అనేక క్లబ్బులు, పట్టణ ప్రజలు, గుర్రాలు అన్నీ ఒక్క చోటే. 1891లో పెద్ద సంఘం మ్యూర్‌ఫీల్డ్‌లోని సొంత స్థలానికి తరలిపోయింది. మరుసటి ఏడాది ఓపెన్ కూడా దాని వెంటే వెళ్లింది. పెద్దలు వెళ్లిపోయాక మైదానం ఊరివారికి మిగిలింది. నావంటి వాడు అక్కడ కర్ర పట్టగలగడానికి కారణం అదే.

ఇక నేను అసలు చెప్పదలచిన మనిషి బాబ్ ఫెర్గూసన్. ఈ ఊరివాడే. బాల్యంలో ఇతరుల కర్రలు మోసిన క్యాడీ. 1880లో తన సొంత మైదానంలో ఓపెన్ గెలిచాడు. 1881లో, 1882లో వేరే చోట్ల మళ్లీ గెలిచాడు. 1883లో పోటీ తిరిగి మసెల్‌బరోకు వచ్చింది. గెలిస్తే వరుసగా నాలుగవది. విల్లీ ఫెర్నీతో సమానమై, విడిగా ఆడిన 36 గుంతలలో చివరిదాని దాకా ముందున్నాడు. అక్కడ ఫెర్నీ రెండు దెబ్బలలో ముగించాడు, ఫెర్గూసన్‌కు నాలుగు పట్టాయి. ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఓటమి పెద్ద విషయం కాదు, మరుసటి ఏడు ఆడవచ్చు. ఆ తరువాత కొద్దికాలానికే అతనికి టైఫాయిడ్ సోకింది. ప్రాణం దక్కింది కాని పెద్ద పోటీలలో ఆడే శక్తి తిరిగి రాలేదు. 1915లో మరణించేవరకు అతని జీవితం ఈ మైదానం బాగోగులు చూసుకొంటూ, మళ్లీ ఇతరుల కర్రలు మోస్తూ గడిచింది.

ఈ సంగతి తెలిసినప్పుడు, నేను తాలూకా ఆసుపత్రిలో చేరిన తొలి రోజుల నాటి ఒక కబడ్డీ ఆటగాడు కళ్ల ముందు నిలిచాడు. ఊరంతా ఒకే చెరువు నీరు త్రాగే గ్రామం నుండి, జ్వరం వచ్చిన మూడవ వారంలో, పేగుకు రంధ్రం పడిన స్థితిలో ఎడ్లబండి మీద వచ్చాడు. మన పెద్దలు సన్నిపాత జ్వరమన్నది ఇదే. జిల్లా కేంద్రానికి పంపి శస్త్రచికిత్స చేయిస్తే బ్రతికాడు. ఏడాది తరువాత వచ్చి, “డాక్టరు గారూ, కూతకు వెళ్తే మధ్యలోనే ఊపిరి ఆగిపోతోందండీ,” అన్నాడు. అతనికి క్లోరాంఫెనికాల్ అయినా దొరికింది. ఆ మందు టైఫాయిడ్‌కు వాడుకలోకి వచ్చినది 1948లో. ఫెర్గూసన్ తొలి ఓపెన్ గెలిచిన 1880లోనే ఎబెర్త్ ఈ రోగక్రిమిని వర్ణించాడు. క్రిమి తెలిసింది కాని మందు లేదు. పరుపు, ద్రవాహారం, ఓపికగల పరిచారిక, అంతే చికిత్స.

మురుగు కలిసిన నీటితో వ్యాపించే ఈ జ్వరం నీటి శుద్ధి వల్ల ఆ దేశంలో దాదాపు మాయమైంది. మన వద్ద ఇంకా ఉంది. పైగా పాత మందులకు లొంగడం మానుతోంది. ఆరు నెలల పసిబిడ్డకు సైతం ఒక్క మోతాదుగా ఇవ్వదగిన కొత్త తరహా టీకాలలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 చివరలో మొదటగా ఆమోదించినది మన హైదరాబాదులో తయారైనదే.

ఫెర్నీ రెండు దెబ్బలలో ముగించిన చివరి గుంత ఆ మైదానంలోని తొమ్మిదవదే. నాకు తొమ్మిది దెబ్బలు పట్టాయి. వెనుక ఆడుతూ వచ్చిన ఒక వృద్ధ దంపతుల జంట ఓపికగా వేచి ఉండి, బంతి గుంతలో పడగానే చప్పట్లు కొట్టారు.