గోదా నుండి గడుల పటమునకు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలలో జాతరనాడు కుస్తీ పోటీలు జరుగుచుండును. కొబ్బరికాయ పందెముగా పిల్లలు మొదటి పట్లు పట్టుదురు. ప్రొద్దు గడిచినకొలది పందెము పెరిగి, కడపటి కుస్తీ గెలిచిన మల్లునకు వెండి కడెము దక్కును. ఆ పల్లెలలోనే అరుగులమీద వైకుంఠపాళి ఆడుట కలదు. గోదాలో గెలుపు సాధనవలన. వైకుంఠపాళిలో గెలుపు గవ్వల పాటువలన. ఇంత భిన్నమైన రెండింటిని ఒకే ఆటలో కూర్చవచ్చునా? పోరును, గడుల పటమును చేర్చు ప్రయత్నము జపానులో జరిగినది.

జపానువారి గడుల ఆటకు సుగోరోకు అని పేరు. ఇందు రెండు జాతులు కలవు. మొదటిది చైనానుండి వచ్చిన జూదపు ఆట, దీనిని క్రీ. శ. 689లో ప్రభుత్వము నిషేధించెను. రెండవది బొమ్మల పటము. ఎడో యుగమున (1603–1868) ఇది బహుళ ప్రచారము పొందెను. ఇట్టి పటములలో ఒకదానిపై పావు నరకములకు దిగజారవచ్చును, లేదా బౌద్ధుల శుద్ధభూమికి చేరవచ్చును. దీనిని చూచినచో మన పాములు, నిచ్చెనలు, పరమపదము జ్ఞప్తికి రాకమానవు. అయినను పోలిక ఉన్నంతమాత్రమున ఒకటి రెండవదానినుండి పుట్టినదని చెప్పరాదు.

ఇక కుస్తీ సంగతి. 1953లో రికిడోజాన్ అను మల్లుడు జపానులో వృత్తికుస్తీ సంఘమును స్థాపించెను. మరుసటి యేడు ఆ పోటీలను టెలివిజనులో చూచుటకు జనము వీధులలో గుమిగూడిరి. ఇది మన జాతర కుస్తీ వంటిది కాదు; ఫలితమును ముందుగనే నిర్ణయించుకొని ఆడు ప్రదర్శన. టెక్నోస్ జపాన్ సంస్థ 1983లో వృత్తికుస్తీని వీడియో ఆటగా రూపొందించెను. అదే సంస్థ 1991లో 'సుగోరో క్వెస్ట్' అను ఆటను తెచ్చెను. అందులో గడులమీద నడచుటకును, ఎదురైన శత్రువుతో పోరుటకును పాచికయే ఆధారము.

యంత్రమునకు కండబలము తెలియదు, అంకెలే తెలియును. కావున బలమును, అదృష్టమును కూడ అంకెలుగా మార్చవలెను. ఇది ఎట్లు సాధ్యమో ఒక ఉదాహరణవలన తెలియును. ఒక మల్లుని బలము 5, రెండవవాని బలము 3 అనుకొందము. ఇద్దరును ఒక్కొక్క పాచిక వేసి, పడిన అంకెను తమ బలమునకు కలుపుకొనవలెను. మొత్తము ఎక్కువైనవాడు గెలుచును. రెండు పాచికలు పడు రీతులు 36. వానిలో బలవంతుడు గెలుచునవి 26, సమానమగునవి 4, బలహీనుడు గెలుచునవి 6.

పాచిక లేనిచో బలహీనునికి ఒక్క గెలుపైనను లేదు. బలపు అంకెలు లేనిచో సాధన చేసినవానికిని, చేయనివానికిని భేదము లేదు. రెండును కలిసినపుడు సాధనకు విలువయు, బలహీనునికి ఆశయు నిలిచినవి.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి, 36 మారులు పాచికలు వేసి ఫలితములు వ్రాసికొనవలెను. సరిగా 6 రాకపోవచ్చును. తరగతి లెక్కలన్నియు కలిపినచో బలహీనుని గెలుపులు ఆరింట ఒక వంతునకు చేరువగుట కనబడును.