పగిలిన ట్యూబు, నికెల్ ముక్క

ఇంజనీరింగు చదివిన మనలో చాలామందికి డేవిసన్-జెర్మర్ ప్రయోగం ఒక పరీక్ష ప్రశ్నగానే గుర్తు. బొమ్మ గీసి, 54 వోల్టులు, 50 డిగ్రీలు అని రాసి బయటపడ్డాం. ఆ అంకెల వెనక ఉన్న తంటా గురించి మాకెవరూ చెప్పలేదు.

నిజానికి క్లింటన్ డేవిసన్ తరంగాల కోసం వెతకనేలేదు. న్యూయార్కులో వెస్ట్ స్ట్రీటు మీద, తర్వాత బెల్ ల్యాబ్స్‌గా పేరుపడిన టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో, లోహాన్ని ఎలక్ట్రాన్లతో కొడితే అవి ఎటు చెదురుతాయో కొలుస్తున్నాడు. 1921లో జర్మనీలో కార్ల్ రామ్‌సావర్ ఇంకో వింత చూశాడు. నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్లు ఆర్గాన్ వాయువులోంచి, అక్కడ పరమాణువులే లేనట్టు దాటిపోతున్నాయి! గోలీలయితే ఢీకొనాలి కదా? కదిలే ప్రతి కణానికీ ఒక తరంగం ఉంటుందని 1924లో ద బ్రోయి అన్నాడు. ఈ రెండు వింతలకూ మూలం ఆ తరంగమే కావచ్చునని 1925లో గొట్టింగెన్ విద్యార్థి ఎల్సాసర్ ఒక చిన్న వ్యాసం రాశాడు.

అదే ఏడు డేవిసన్ ప్రయోగశాలలో ద్రవగాలి సీసా పేలింది. ట్యూబు పగిలి, వేడిగా ఉన్న నికెల్‌కు తుప్పు పట్టింది. దాన్ని వదిలించడానికి చాలాసేపు కాల్చారు. మళ్ళీ కొలిస్తే ఎలక్ట్రాన్లు చెదిరే తీరే మారిపోయింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళమైతే సర్వర్ని రీస్టార్ట్ చేసి మర్చిపోయేవాళ్ళం. వాళ్ళు ట్యూబు కోసి చూశారు. నికెల్‌లోని చిన్న స్ఫటికాలు కలిసి కొన్ని పెద్ద స్ఫటికాలయ్యాయి.

అదృష్టం కొద్దీ దొరికిందని పుస్తకాల్లో రాస్తారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. పేలుడు తర్వాత కూడా ఏడాదికి పైగా జవాబు చిక్కలేదు. 1926 వేసవిలో ఆక్స్‌ఫర్డ్ సభకు వెళ్ళిన డేవిసన్, తన పాత కొలతలనే మాక్స్ బోర్న్ తరంగాలకు సాక్ష్యంగా ఉదహరించడం విని ఆశ్చర్యపోయాడు. తిరుగు ఓడ ప్రయాణమంతా ష్రోడింగర్ వ్యాసాలతో కుస్తీ పట్టాడు. 1927 జనవరిలో జెర్మర్‌తో కలిసి, ఈసారి వెతుకుతూ కొలిచాడు. ద బ్రోయి లెక్క ప్రకారం తరంగదైర్ఘ్యం 0.167 నానోమీటర్లు. ప్రయోగంలో వచ్చింది 0.165.

అదే ఏడు అబర్డీన్‌లో జి.పి. థామ్సన్ పలుచని రేకుల్లోంచి ఎలక్ట్రాన్లను పంపి అదే తేల్చాడు. 1937 నోబెల్ బహుమతి డేవిసన్‌కూ అతనికీ కలిపి ఇచ్చారు. ఎలక్ట్రాన్ ఒక కణమని 1897లో చూపిన జె.జె. థామ్సన్ అతని తండ్రే!

ఆ వెస్ట్ స్ట్రీటు భవనం ఇంకా ఉంది. 1970 నుంచి అందులో కళాకారులు కాపురముంటున్నారు. మన్‌హాటన్ వెళ్ళినప్పుడు హడ్సన్ నది ఒడ్డు దగ్గర చూడవచ్చు.