ఇంటి ప్లాను మీద గుండ్రటి ముద్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "నేను రాయడానికేముందండీ, ముప్పై అయిదేళ్లు ఫైళ్లు కుట్టినవాణ్ణి" అన్నాను. "ఆ ఫైళ్ల సంగతే రాయండి" అన్నారు. నేను 1973లో ఒక కోస్తా పట్టణం పురపాలక సంఘంలో ఎల్.డి.సి.గా చేరాను. ఎక్కువ కాలం టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోనే గడిపి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇల్లు కట్టుకోవాలంటే మున్సిపాలిటీ అనుమతి ఎందుకు కావాలి, ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది అన్న విషయం మన సభ్యులలో చాలామందికి తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ తెలియదు.

మన ప్రాంతంలో పురపాలక సంఘాలు పాతవే. భీమునిపట్నానికి 1861లోనే మున్సిపాలిటీ వచ్చింది. తరువాత 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం కింద మరికొన్ని ఊళ్లకు వచ్చాయి. 1884లో ఒకటి, 1920లో ఒకటి, జిల్లా మునిసిపాలిటీల చట్టాలు వచ్చాయి. ఆ 1920 చట్టాన్ని మా సెక్షన్‌లోని పెద్దలు నేను చేరేనాటికి కూడా "డి.ఎం. యాక్టు" అనే పిలిచేవారు. అప్పటికి అది రద్దయి ఎనిమిదేళ్లయింది. అయినా నోరు తిరగలేదు.

ఆ పాత చట్టాలు చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. ఇల్లు ఎంత ఎత్తు కట్టావన్నది వాటికి పెద్ద బెంగ కాదు. వాటి భయమంతా నిప్పు గురించి, మురుగు గురించి. వేసవిలో వడగాలి వీచేటప్పుడు ఒక తాటాకిల్లు అంటుకుంటే వీధి వీధంతా బూడిదయ్యే రోజులవి. అందుకే ఫలానా వీధులలో ఆకులు, గడ్డి, తడికెలతో కప్పు వేయరాదని నిషేధించే అధికారం పురపాలక సంఘానికి ఇచ్చారు. గుడిసెల వరుసల మధ్య ఖాళీ ఉండాలన్నారు. మురుగు పోయే దారి చూపాలన్నారు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక, ఇరుకిళ్లలో గాలీ వెలుతురూ లేకపోవడం ఎంత ప్రాణాంతకమో ప్రభుత్వాలకు బాగా తెలిసొచ్చింది. 1920లోనే మద్రాసులో పట్టణ ప్రణాళిక చట్టం కూడా వచ్చింది. 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. ఇంటి పక్కన వదలమనే నాలుగైదు అడుగుల ఖాళీ స్థలం, అంటే మనమిప్పుడు సెట్ బ్యాక్ అంటున్నది, ఇలాంటి భయాలలోంచి పుట్టినదే గాని గుమాస్తాలు లంచాల కోసం కనిపెట్టినది కాదు. (లంచాలు లేవని నేననను. నా సీటు దగ్గరే కూర్చుని బేరాలాడినవారిని ఎరుగుదును.)

హైదరాబాదు దారి వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహాల ఫలితమే తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు తొలగించి, రోడ్లు వెడల్పు చేసింది. పత్తర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాలు ఒకే వరుసలో, ఒకే తీరున ఉంటాయి చూడండి, అవి ఆ బోర్డు కట్టించినవే.

రాష్ట్రాలు కలిశాక ఈ రెండు ఒరవడులూ మన చట్టాలలో పక్కపక్కనే ఉండిపోయాయి. హైదరాబాదుకు 1955 నాటి కార్పొరేషన్ల చట్టం ఉంది. అది చాలావరకు 1888 నాటి బొంబాయి చట్టాన్ని పోలి ఉంటుంది. తక్కిన పట్టణాలకు 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం వచ్చింది. దాని మూలాలు మద్రాసువి. తేడా చిన్నది గాని తమాషాగా ఉంటుంది. హైదరాబాదు చట్టం 428వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని ఇచ్చేది "నేను కట్టదలిచాను" అన్న నోటీసు. 30 రోజులలో కమిషనరు కాదని రాయకపోతే పని మొదలుపెట్టుకోవచ్చు. మా చట్టం 209వ సెక్షన్ ప్రకారం ఇచ్చేది దరఖాస్తు. ఒకచోట పౌరుడు తెలియజేస్తాడు, ఇంకోచోట అడుగుతాడు. వాడుకలో మాత్రం రెండుచోట్లా చేతులు కట్టుకుని నిలబడ్డాడు!

నేను చేరిన రోజులలో ప్లాను అంటే లైసెన్సు ఉన్న సర్వేయరు ట్రేసింగ్ క్లాత్ మీద నల్లసిరాతో గీసినది. దాన్నుంచి ప్రింట్లు తీయించి దరఖాస్తుకు జతచేసేవారు. అమ్మోనియా ప్రింటు కట్ట విప్పితే సెక్షనంతా ఘాటు, కళ్లమ్మట నీళ్లు. దస్తావేజు నకలు, ఇంటి పన్ను రసీదు, ఫీజు చలానా అన్నీ చూసి, బిల్డింగ్ ఇన్‌స్పెక్టరు స్థలానికి వెళ్లి కొలిచి రిపోర్టు రాస్తే ఫైలు పైకి వెళ్లేది. ఆమోదమయ్యాక ఒక కాపీ మీద కమిషనరు సంతకం, గుండ్రటి ముద్ర వేసి యజమానికిచ్చేవాళ్లం. ఆ కాగితాన్ని పసుపు రాసిన శుభలేఖలా అపురూపంగా పట్టుకెళ్లేవారు. పదేళ్ల తరువాత అడిగితే ఎక్కడ పెట్టారో తెలిసేది కాదు.

1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చి హైదరాబాదుకు హుడా, 1978లో విశాఖపట్నానికి వుడా ఏర్పడ్డాయి. 1976లో భూ పరిమితి చట్టం. ఆ పైన అపార్టుమెంట్ల కాలం మొదలైంది. 1987లో వాటికొక చట్టమే చేయవలసి వచ్చింది. మూడంతస్తులకు అనుమతి తీసుకుని అయిదు వేయడం అప్పుడే మామూలైపోయింది. 2007 డిసెంబరు 31న ప్రభుత్వం భవన క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 వరకు కట్టిన అక్రమ కట్టడాలకు జరిమానా కట్టుకోమన్నారు. ఇదే చివరిసారి అన్నారు. 2015లో తెలంగాణలో మళ్లీ పథకం వచ్చింది, ఆ గడువు 2015 అక్టోబరు 28కి జరిగింది. రూలు పాటించి అయిదడుగులు వదిలినవాడు వెర్రివాడు, కలుపుకున్నవాడు కాస్త డబ్బు కట్టిన తెలివైనవాడు అయ్యాడు. ఈ పథకాల మీద నా అభిప్రాయమిది, సభ్యులు ఏకీభవించకపోవచ్చు.

తరువాత సంగతులు మీ పిల్లలకే బాగా తెలుసు. 2012లో రాష్ట్రమంతటికీ ఒకే భవన నిర్మాణ నిబంధనలు వచ్చాయి. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే నిబంధనలు చేసుకుంది. అర్జీలు ఆన్‌లైన్ అయ్యాయి. 2020లో తెలంగాణ చేసిన చట్టం 75 చదరపు గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కరలేదని, 1 రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలని చెప్పింది. ఇంటికి సున్నం వేయించుకోవడానికి, గచ్చు మార్చుకోవడానికి, పెచ్చులూడిన చోట సిమెంటు పూయించుకోవడానికి ఏనాడూ ప్లాను అక్కరలేదు. గది కలిపినా, అంతస్తు వేసినా, పెంకులు తీసి శ్లాబు పోసినా కావాలి. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా మన సభ్యులు గమనించాలి. నిర్మాణం ప్లాను ప్రకారం పూర్తయిందన్న సర్టిఫికెట్టు చూశాకే బ్యాంకులు ఆ ఇంటి మీద అప్పు ఇవ్వాలని, కరెంటు, నీటి కనెక్షన్లు కూడా అది చూశాకే ఇవ్వాలని అందులో చెప్పారు. పెన్షన్ డబ్బుతో ఫ్లాటు కొనేవారు ముందు ఆ సర్టిఫికెట్టు అడగండి. ముద్రపడిన పాత ప్లాను మీ దగ్గరుంటే బీరువాలో దస్తావేజుతో కలిపి పెట్టండి. ఆఫీసులో కాపీ ఉంటుందిలే అనుకోవద్దు. మా రికార్డు రూములో చెదలకు తెలిసినన్ని ప్లాన్లు నాకు తెలియవు.

ఇక నా సంగతి. 1986లో నేను ఇల్లు కట్టుకున్నాను. ప్లాను నేనే దగ్గరుండి గీయించాను, తూర్పున అయిదడుగులు వదిలి, మెట్లు ఇంటి లోపల. పునాదులు లేచాక మేస్త్రి, "మెట్లు బయట వేసుకుంటే లోపల ఒక గది మిగులుతుందండీ" అన్నాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మా అమ్మ. సరేనన్నాను. మెట్లు తూర్పు సందులోకి వచ్చేశాయి. అదే వారంలో ఇంకొకరికి ఇలాంటి మెట్లకే నోటీసు టైపు చేసి పంపిన గుర్తు నాకుంది.

2021లో మావాడు పై అంతస్తు వేస్తానని దరఖాస్తు పెట్టాడు. కొలవడానికి ఒక అమ్మాయి వచ్చింది, మా మనవరాలి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. టేపు పట్టి చూసి, నా పాత ప్లాను చూసి, "బాబాయి గారూ, ఇందులో మెట్లు లోపలున్నాయి కదండీ" అంది. ఏం చెప్పను? ఆ ప్లాను మీద పక్కన ఉన్న పొట్టి సంతకం నాదే. మా వాడు ఎవరితోనైనా చెప్పిద్దామన్నాడు. వద్దన్నాను. నాలుగు రోజులు పట్టింది మెట్లు కొట్టడానికి. మా అమ్మ పోయేవరకు పడుకున్న గది తీసేసి లోపల మెట్లు వేశాం.

అయిదో రోజు పక్కింటావిడ గోడ అవతల నుంచి పలకరించింది. "అన్నయ్య గారూ, మా వంటింట్లో పగటిపూట లైటు వేయక్కర్లేకుండా అయింది" అంది. ఇన్నేళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేమమ్మా అన్నాను.

"మీరు మున్సిపాలిటీలో పనిచేసేవారు కదండీ" అంది.