మాస్క్ ఎర్రగానే ఎందుకుంటుంది?

కోడుమూరులాంటి ఊళ్లో ఫొటో స్టూడియోకు వచ్చే బేరాల్లో కత్తిరింపు పనే ఎక్కువ. "మా అవ్వ, తాత కల్సి దిగిన ఫొటో ఒక్కటీ లేదన్నా. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టియ్యి" అంటూ ఓటరు కార్డు మీది ముఖమొకటి, ఎవరిదో పెళ్లి గ్రూపులో మూలన నిలబడిన ముఖమొకటి తెచ్చిస్తారు. ఆపరేటరు ఫొటోషాప్ తెరిచి క్యూ మీట నొక్కి బ్రష్‌తో రుద్దుతాడు. రుద్దినచోటల్లా పల్చటి ఎరుపు పరుచుకుంటుంది. అదే మాస్క్. ఎర్రబడినదాని జోలికి సాఫ్ట్‌వేర్ పోదు, మిగిలిందే ఎంపిక. నీలం కాక, పచ్చ కాక, ఎరుపే ఎందుకు?

కంప్యూటర్లు రాకముందు ఆఫ్‌సెట్ ముద్రణకు పేజీలు సిద్ధం చేసేవాళ్లు ఎర్రటి పొర అంటించిన పారదర్శక షీటు వాడేవారు. రూబీలిత్ అని దాని వ్యాపారనామం. ఆ ఎరుపులోంచి కింది బొమ్మ కంటికి తెలుస్తూనే ఉంటుంది కాబట్టి అంచు వెంబడి సన్నకత్తితో గీసి, అక్కర్లేని పొరను ఒలిచేసేవారు. ముద్రణ పనిలో వాడే లిత్ ఫిల్ముకు మాత్రం ఎరుపూ నలుపూ ఒకటే. మనిషికి కిటికీ, ఫిల్ముకు గోడ! ఫొటోషాప్ ఆ ఎరుపునే తెరమీదికి తెచ్చుకుంది. డార్క్‌రూముల్లో నడిచిందీ ఇలాంటి కిటుకే. నెగటివ్‌లో మనిషి చుట్టూ వెలుగు చొరని రంగు పూస్తే, ప్రింటులో వెనకున్నదంతా పోయి తెలుపు మిగిలేది.

ఇలా కొంత కప్పి కొంత చూపే ఆలోచన ఇంకా పాతది. 1857లోనే ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ అనే ఫొటోగ్రాఫర్ 30కి పైగా నెగటివ్‌లను ఒకే బొమ్మగా అతికించాడు. ఒకటి ముద్రించేటప్పుడు కాగితంలో మిగతా భాగాన్ని కప్పి ఉంచాలి, అంతే.

తెలుగువాళ్లకు మాస్క్ రుచి చూపింది సినిమా. ఎన్టీఆర్ 1961లో విడుదలైన 'సీతారామ కళ్యాణం' తీస్తూ తానే రావణుడయ్యాడు. పది తలలు చూపించే భారం ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ మీద పడింది. మాస్క్ పనిలో పేరు తెచ్చుకున్న ఈ ఉత్తరాది మనిషే తర్వాత హిందీలో 'ఫర్జ్' తీసి దర్శకుడయ్యాడు. పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. లెన్స్ ముందు నల్లటి అట్ట పెట్టి ఫ్రేములో ఒక భాగాన్ని మూసి తీస్తారు. ఫిల్మును వెనక్కి చుట్టి, అట్ట మార్చి, మూసిన భాగాన్ని తెరిచి మళ్లీ తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడుతుంది. ద్విపాత్రాభినయంలో నటుడి చెయ్యి గీత దాటితే ఆ చెయ్యి అక్కడికి మాయం. ఆ రోజుల్లో 'అన్‌డూ' లేదు. పాత సినిమాల్లో ఇద్దరు ఎన్టీఆర్‌ల మధ్య ఏ స్తంభమో తలుపు అంచో కనిపిస్తే అనుమానించండి. అతుకు దాచడానికి అదే అనువైన చోటు.

అట్టకు తెలిసింది రెండే: మూయడం, తెరవడం. 1970ల చివర న్యూయార్క్‌లో కంప్యూటర్ బొమ్మల మీద పనిచేస్తున్న ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ఆ పరిమితిని దాటించారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లకు తోడు ప్రతి చుక్క ఎంతమేరకు కనపడాలో చెప్పే నాలుగోదాన్ని చేర్చి, దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. నా లెక్కలో ఈ కథలో అసలు మలుపు ఇదే. ఎంపిక అంటే గీత కాదని, అదీ ఒక నలుపు తెలుపు ఫొటోయేనని తేలింది. తెలుపు కనిపిస్తుంది, నలుపు దాగుతుంది, నడుమ బూడిదరంగు సగంసగం. ఎనిమిది బిట్ల మాస్కులో 256 మెట్లు. గాలికి లేచిన వెంట్రుకలు కత్తిరింపులో బతికి బయటపడేది ఆ నడిమి మెట్ల వల్లే.

నోల్ సోదరుల ఫొటోషాప్ 1990లో అమ్మకానికి వచ్చింది, 1994లో లేయర్లు చేరాయి. 2018లో మనిషిని ఒక్క నొక్కుతో పట్టుకునే సదుపాయమూ వచ్చింది. అది కూడా చివరికి చేసిచ్చేది మాస్కే. కానీ తాత తెల్ల పైపంచె వెనకాల సున్నం గోడలో కలిసిపోయిన పాత ఫొటో ఇచ్చి చూడండి, భుజం ఎక్కడ ఆగిందో దానికి అంతుపట్టదు. ఆపరేటరు బ్రష్ సైజు తగ్గించుకుని తానే కూర్చుంటాడు. ఆ పనికి రేటు వేరే చెప్తాడు.