రక్తనాళం పూడితే కణజాలం ఎందుకు చనిపోతుంది?

చెరువు నిండుగా ఉన్నా కాలువ పూడితే చివరి మడి ఎండుతుందని పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. దేహంలోనూ అంతే. ధమని మూసుకొని రక్తం చాలకపోవడాన్ని ఇస్కీమియా అంటారు. దానివల్ల కణజాలం చనిపోతే అది ఇన్‌ఫార్క్షన్. గుండెపోటుకు ఇక్కడి ఆసుపత్రుల్లో వినిపించే తమిళ పదం ‘మారడైప్పు’లోనే అడ్డుపడటమనే అర్థం ఉంది.

ధమని గోడలో ఏళ్ల తరబడి పేరుకొన్న కొవ్వు పొర ఒకనాడు చిట్లి, ఆ చోట రక్తం గడ్డకడుతుంది. గుండెలో పుట్టిన గడ్డ కొట్టుకుపోయి మెదడు నాళంలో చిక్కుకోవడమూ కద్దు. పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు ఈ పూడికను త్వరపెడతాయి.

ప్రాణవాయువు అందని కణంలో శక్తినిచ్చే ఏటీపీ తరిగిపోతుంది. 1929లో ఈ పదార్థాన్ని కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కావడం తెలుగువారికి గర్వకారణం. ఏటీపీ లేనిదే కణపొర సోడియాన్ని బయటకు తోడలేదు. సోడియం వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది, తుదకు పొర తెగుతుంది. చనిపోయిన గుండె కండరం మళ్లీ పెరగదు. అక్కడ మిగిలేది ముడుచుకోలేని మచ్చ మాత్రమే.

అన్ని అవయవాలకూ గడువు ఒకటి కాదు. దేహపు బరువులో 2 శాతమే ఉండే మెదడు ప్రాణవాయువులో 20 శాతం వాడుకొంటుంది. రక్తం పూర్తిగా ఆగితే నిమిషాలలోనే దాని కణాలు నశిస్తాయి. గుండె కండరం సుమారు అరగంటకు చావనారంభిస్తుంది. కాలు కొన్ని గంటలు ఓర్చుకొంటుంది. అయితే మధుమేహంతో మొద్దుబారిన పాదానికి నొప్పి తెలియదు, వేలు నల్లబడ్డాకే ఇంట్లోవారు చూస్తారు.

ఛాతీలో బిగువు, చెమట, చేతికో దవడకో పాకే నొప్పి కలిగితే ‘గ్యాసు’ అని సోడా తాగించి తెల్లవారేదాకా ఆగడం ప్రాణాంతకం. తమిళనాడు ప్రభుత్వం 2023లో ప్రారంభించిన ‘ఇదయం కాప్పోం’ పథకం కింద గుండెపోటుకు తొలి మాత్రలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపుతారు. 108కు ఫోను చేయాలి.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు ఇంట్లో ఆస్పిరిన్ వేయరాదు. మెదడులో రక్తస్రావమైనా లక్షణాలు ఇవే గనుక ముందు స్కాన్ తప్పదు. గడ్డ కరిగించే మందుకు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలు. ఆ లెక్క ఆసుపత్రి చేరినప్పటి నుంచి కాదు, లక్షణం మొదలైనప్పటి నుంచి. నిద్రలో వచ్చినట్లయితే, మనిషి చివరిసారి బాగుగా కనిపించిన వేళ ఎప్పుడో వైద్యునికి చెప్పాలి.